రాజు కంటే ముందు పుట్టిన చట్టం

ఎన్నికలు దగ్గర పడ్డప్పుడల్లా మా చర్చి యువజన కూడికల్లో ఒక మాట వినపడుతుంది: "ఈ పార్టీలూ ఈ అసెంబ్లీలూ ఎందుకండీ, ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన పద్ధతి ఉందిగా!" చర్చి గడప తొక్కని మిత్రులు కొందరు ఇదే మాట ఇంకో దారిలో అంటారు. ప్రభుత్వమే దండగ అని నమ్మేవాళ్లకి బైబిల్లో రాజుల కంటే ముందున్న న్యాయాధిపతుల కాలం మహా ముచ్చటగా ఉంటుంది. రాజు లేడు, జీతాల సైన్యం లేదు, పన్నులు వసూలు చేసే శాఖ లేదు. ఒకే పుస్తకం చదివి ఇద్దరూ రెండు రకాలుగా మురిసిపోతున్నారు. ఇద్దరూ సగమే చదివారని నా ఫిర్యాదు.

నా వాదన ముందే చెప్పేస్తాను. మోషే పేరుతో ఉన్న ఇశ్రాయేలీయుల చట్టాన్ని దేవుడిచ్చాడా అన్నది విశ్వాసానికి సంబంధించిన సంగతి, దాని జోలికి నేను పోను. దాన్ని రాజు ఇవ్వలేదన్నది మాత్రం పచ్చి రాజకీయం. ప్రాచీన ఇశ్రాయేలు నుంచి ఆధునిక ప్రభుత్వాలు తీసుకున్న అసలు సొమ్ము అదే. అయితే చట్టం రాజు కంటే పెద్దదని రాసి పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు. అవసరమైనప్పుడు రాజు చెయ్యి పట్టుకుని ఆపేవాడొకడు కావాలి. ఆ మనిషికి ఇశ్రాయేలు ఒక కుర్చీ వేయలేకపోయింది.

మొదట స్వపరిపాలన సంగతి. నిర్గమకాండం 18వ అధ్యాయంలో మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని తగవులు తీరుస్తుంటాడు. చూడటానికి వచ్చిన మామ యిత్రో, ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అని మందలిస్తాడు. వెయ్యిమందికి ఒకడు, వందమందికి ఒకడు, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కడు చొప్పున నమ్మకస్తుల్ని పెట్టుకో, పెద్ద తగవులు మాత్రమే నీ దగ్గరికి రానీ అంటాడు. యిత్రో మిద్యాను యాజకుడు, అంటే పరాయివాడు. ఇశ్రాయేలు పరిపాలనలో మొదటి సంస్కరణ దైవవాణిగా రాలేదు, పిల్లనిచ్చిన మామ నోటి వెంట వచ్చింది. "దేవుడిచ్చిన పద్ధతి" అనేవాళ్లు ఈ చిన్న విషయం దాటేస్తారు. ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో ఇదే కథ మళ్లీ చెప్పేటప్పుడు, మీ గోత్రాల్లోంచి తెలివైనవాళ్లని మీరే ఎంచుకోండి, వాళ్లని నేను నియమిస్తాను అని మోషే జనంతోనే అంటాడు.

కనానులో స్థిరపడ్డాక ఊరి గవిని, అంటే ఊరి ద్వారం, దగ్గర పెద్దలు కూర్చుని న్యాయం చెప్పేవారు. మన రచ్చబండ లాంటిదే అనుకోండి. రూతు కథలో బోయజు పదిమంది పెద్దల్ని అక్కడే కూర్చోబెట్టి, దగ్గరి బంధువు వదులుకున్న పొలం హక్కుని వాళ్ల సాక్షిగా తను తీసుకుంటాడు. ఆ బంధువు చెప్పు విప్పి ఇచ్చాడు, అదే రిజిస్ట్రేషన్. గుమాస్తా లేడు, స్టాంపు పేపరు లేదు. పద్ధతి నడిచినప్పుడు ఇంత హాయిగా నడిచింది.

నడవనప్పుడు ఏమైందో న్యాయాధిపతుల గ్రంథం చివరి మూడు అధ్యాయాలు చెబుతాయి. ప్రసంగాల్లో వాటిని ఎత్తేవాళ్లు తక్కువ. గిబియాలో ఒక లేవీయుడి ఉపపత్నిని ఊరి పోకిరీలు రాత్రంతా చెరిచి చంపారు. బెన్యామీను గోత్రం దోషుల్ని అప్పగించనంది. మిగతా గోత్రాలు యుద్ధానికి దిగి, ఆ గోత్రంలో ఆరు వందల మంది మగవాళ్లు మిగిలేదాకా నరికాయి. తర్వాత అయ్యో ఒక గోత్రం అంతరించిపోతోందే అని ఏడ్చి, వాళ్లకి పెళ్లాలు కావాలని యాబేష్గిలాదును ఊచకోత కోసి అక్కడి కన్యల్ని తెచ్చారు. చాలకపోతే షిలోహులో పండుగకి నాట్యమాడుతున్న ఆడపిల్లల్ని ఎత్తుకుపొమ్మన్నారు. ఆ రోజుల్లో రాజు లేడు, ఎవడికి తోచింది వాడు చేశాడు అని గ్రంథం ముగుస్తుంది. ప్రభుత్వం వద్దనే మిత్రులకి నేను ఈ అధ్యాయాలే చూపిస్తాను. ఒక ఆడమనిషి మీద జరిగిన నేరాన్ని విచారించే యంత్రాంగం లేక, దానికి శిక్షగా ఇంకొన్ని వందల మంది ఆడపిల్లల మీద అదే నేరం చేసిన సమాజం అది.

ఇక చట్టం. క్రీ.పూ. 1750 ప్రాంతంలో బాబిలోను రాజు హమ్మురాబి చెక్కించిన నల్లరాతి స్తంభం ఇప్పుడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పైన సూర్యదేవుడు షమాషు ఎదుట రాజు నిలబడి ఉంటాడు. కింద ఉన్న చట్టాలు మాత్రం రాజువి, ఇవి నేను స్థాపించిన న్యాయాలు అని ఆయనే చెప్పుకుంటాడు. మెసొపొటేమియాలో దేవుడు రాజుకి అధికారం ఇస్తాడు, రాజు జనానికి చట్టం ఇస్తాడు. తోరాలో, అంటే మోషే ధర్మశాస్త్రంలో, ఈ వరస తలకిందులైంది. సీనాయి దగ్గర చట్టం వచ్చేనాటికి రాజు అన్న మాటే లేదు. రాజులు వచ్చాక కూడా వాళ్లు చట్టం చేసినట్టు దాదాపు ఎక్కడా కనపడదు. సామాను దగ్గర కాపలా ఉన్నవాళ్లకీ యుద్ధం చేసినవాళ్లకీ దోపుడుసొమ్ములో సమాన వాటా అని దావీదు పెట్టిన నియమం ఒకటి గుర్తుకొస్తుంది. తమాషా ఏమిటంటే అప్పటికి ఆయన ఇంకా సింహాసనం ఎక్కనే లేదు.

ఈ వరస మారినందువల్ల ఏం ఒరిగిందో ఒక్క ఉదాహరణ చాలు. హమ్మురాబి చట్టంలో పారిపోయిన బానిసని ఇంట్లో దాచినవాడికి మరణశిక్ష. ద్వితీయోపదేశకాండం 23లో, పారిపోయి నీ దగ్గరికొచ్చిన బానిసని యజమానికి అప్పగించకు, తనకు నచ్చిన ఊళ్లో ఉండనీ అని ఉంది. 1850లో అమెరికా కాంగ్రెస్ పారిపోయిన బానిసల మీద చేసిన చట్టం, బైబిలు మీద ప్రమాణం చేసే ఆ దేశంలో, ఈ విషయంలో హమ్మురాబి పక్కనే నిలబడింది. అలాగని లేవీయకాండం 25 పరాయి జాతి బానిసల్ని శాశ్వతంగా ఉంచుకోవచ్చన్న సంగతి దాచలేను. రెండూ ఒకే తోరాలో ఉన్నాయి.

రాజు గురించి ఆ చట్టం చెప్పేది ద్వితీయోపదేశకాండం 17లో ఏడు వచనాలు, అంతే. పరాయివాణ్ణి రాజుగా పెట్టుకోవద్దు. రాజు గుర్రాలు పోగుచేసుకోకూడదు, భార్యల్ని పోగుచేసుకోకూడదు, వెండి బంగారాలు పోగుచేసుకోకూడదు. సింహాసనం మీద కూర్చున్నాక ధర్మశాస్త్రానికి తనకోసం ఒక ప్రతి రాయించుకుని బతికినన్నాళ్లూ చదువుతూ ఉండాలి, తన సహోదరుల కంటే గొప్పవాణ్ణని మనసులో పొంగిపోకూడదు. ఇక రాజు చెయ్యాల్సిన పనేమిటని వెతికితే చదవడం తప్ప ఇంకేం లేదు! శాసనాధికారం లేదు, న్యాయాధికారం లేదు, సేనని నడపమని కూడా లేదు. ఆ కాలంలో ఇంత బక్కచిక్కిన రాజు నాకు తెలిసి మరెక్కడా లేడు.

ఈ పుస్తకం క్రీ.పూ. 7వ శతాబ్దంలో రూపుదిద్దుకుందని, క్రీ.పూ. 622లో యోషీయా రాజు కాలంలో ఆలయంలో దొరికిన గ్రంథం ఇందులో భాగమేనని చాలామంది పండితులు అంటారు. అదే నిజమైతే గుర్రాలు, భార్యలు, బంగారం అన్న జాబితా ఎవర్ని తలుచుకుని రాశారో ఊహించడం కష్టమేమీ కాదు. ఏడు వందల మంది భార్యలు, మూడు వందల మంది ఉపపత్నులు, ఏటా ఆరు వందల అరవై ఆరు తలాంతుల బంగారం, లెబానోనులో వెట్టికి పంపిన ముప్పై వేల మంది: సొలొమోను లెక్కలన్నీ రాజుల గ్రంథంలోనే ఉన్నాయి. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు అవి. చేతులు కాలకుండా రాసిన రాజ్యాంగం ఏ దేశంలో ఉందో నాకు తెలియదు గనుక దాన్ని తప్పు పట్టను.

నాకు పేచీ ఉన్నది ఇంకో చోట. అస్సీరియా చక్రవర్తి ఏసర్హద్దోను క్రీ.పూ. 672లో సామంతుల చేత చేయించుకున్న ప్రమాణాల పలకలు 1955లో నిమ్రూదులో దొరికాయి. నా వారసుడి మీద ఎవడైనా కుట్ర చేస్తే, వాడు నీ అన్నైనా కొడుకైనా, పట్టివ్వాలి అన్న ధోరణి వాటిది. ద్వితీయోపదేశకాండం 13 అచ్చంగా ఈ ధోరణిలోనే, వేరే దేవుళ్ల వైపు రమ్మని పిలిచేవాడు నీ తల్లి కొడుకైనా సరే, మొదటి రాయి నువ్వే వెయ్యాలంటుంది. చక్రవర్తి అడిగే విధేయతని దేవుడికి కట్టబెట్టడంలో ఒక విముక్తి ఉంది, ఇక ఏ మనిషీ దాన్ని అడగలేడు. కానీ ఆ విధేయతలోని క్రూరత్వం కూడా దాంతోపాటే వచ్చింది. ఎదుటివాడి దేవుణ్ణి బట్టి వాడి ప్రాణం ఉండే చోట స్వపరిపాలన అన్న మాటకి నేను విలువివ్వను. మత స్వేచ్ఛనిచ్చే మన రాజ్యాంగం 25వ అధికరణం నాకు ఆ 13వ అధ్యాయం కంటే ప్రియమైనది. మా కూడికల్లో ఈ మాట అంటే కొందరి మొహాలు మాడతాయి, మాడనివ్వండి.

రాజు కావాలని జనం అడిగిన ఘట్టం 1 సమూయేలు 8లో వస్తుంది. దీన్ని జనం మూర్ఖత్వంగా చెప్పడం అలవాటు. మూడో వచనం చదవండి. ప్రవక్త సమూయేలు ముసలివాడై తన ఇద్దరు కొడుకుల్నీ బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా పెట్టాడు. వాళ్లు లంచాలు తిని తీర్పులు తిప్పేశారు. పెద్దలు రాజుని అడిగింది ఆ తర్వాతే. ప్రవక్త స్వయంగా వారసత్వ రాజకీయం మొదలుపెట్టి, అది చెడిపోయాక జనం ఇంకేదైనా అడిగితే మీరు దేవుణ్ణి వద్దన్నారు అనడం నాకెప్పుడూ మింగుడు పడలేదు. అయినా ఆయన చేసిన హెచ్చరిక మాత్రం గొప్పది. మీ కొడుకుల్ని తీసుకుని రథాల ముందు పరిగెత్తిస్తాడు, మీ కూతుళ్లని తీసుకుని వంటలకి పెడతాడు, మీ పొలాల్లో మంచివి తీసుకుని తన సేవకులకిస్తాడు, పంటలో పదో వంతు తీసుకుంటాడు, చివరికి మీరే వాడికి దాసులవుతారు. తీసుకుంటాడు, తీసుకుంటాడు అన్న ఆ మాటే తిరిగి తిరిగి మోగుతుంది. 1776 జనవరిలో థామస్ పెయిన్ తన కరపత్రంలో ఇంగ్లండు రాజు మీద అమెరికా వలసల జనాన్ని రేపడానికి ఈ అధ్యాయాన్నే బారున ఎత్తి రాశాడు. మతగ్రంథాల మీద తర్వాతి రోజుల్లో కత్తి దూసిన మనిషి ఆయన!

రాజు వచ్చాక అప్పుల సంగతి ఏమైందన్నది మన రైతుకి సూటిగా తగిలే విషయం. బాబిలోను రాజులు గద్దెనెక్కిన కొత్తలో అప్పుల రద్దు ప్రకటించేవారు. హమ్మురాబి వంశంలోనే క్రీ.పూ. 17వ శతాబ్దంలో ఏలిన అమ్మిసదూక శాసనం ఇప్పటికీ ఉంది. బతుకుతెరువుకి చేసిన బార్లీ అప్పులు, వెండి అప్పులు రద్దు, వ్యాపారులు వ్యాపారం కోసం చేసుకున్నవి మాత్రం కట్టాల్సిందే. 2014లో తెలంగాణలో లక్ష, ఆంధ్రప్రదేశ్‌లో లక్షన్నర, 2024లో మళ్లీ తెలంగాణలో రెండు లక్షలు అంటూ మనం చూసిన రుణమాఫీకి తాతలనాటి నమూనా ఇది. కొత్త పాలకుడు, కొత్త మాఫీ, జనం చేత జేజేలు.

తోరా ఈ దయని రాజు చేతిలోంచి లాక్కుని పంచాంగం చేతిలో పెట్టింది. ఏడో ఏడు వస్తే అప్పు పోతుంది. యాభయ్యో ఏడు వస్తే అమ్ముకున్న పొలం ఆ కుటుంబానికి తిరిగొస్తుంది. ఎవరికీ దండం పెట్టక్కర్లేదు, ఎవరి ఫొటో ఉన్న ఫ్లెక్సీ కిందా నిలబడక్కర్లేదు. భూమి నాది, మీరు నా దగ్గర పరదేశుల్లా ఉంటున్నవాళ్లు అని దేవుడంటాడు. రాజకీయంగా దీని అర్థం భూమి రాజుది కాదని. మాఫీ కంటే ఇది ఎన్నో రెట్లు మెరుగైన ఆలోచన అని నా అభిప్రాయం.

ఆలోచన మెరుగైనదే, ఆచరణే ఘోరం. ఏడో ఏడు దగ్గరపడిందని అప్పివ్వడం మానకండి అని ద్వితీయోపదేశకాండం ముందే బతిమాలుతుంది, అంటే జనం మానేస్తున్నారనేగా! క్రీ.పూ. 1వ శతాబ్దంలో యూదు పండితుడు హిల్లేలు, పేదకి అప్పు పుట్టడం లేదని చూసి, అప్పు పత్రాన్ని న్యాయస్థానానికి అప్పగిస్తే రద్దు కాకుండా ఉండే ఏర్పాటు చేశాడు. చట్టాన్ని పక్కకి నెట్టకపోతే పేదవాడు బతకలేని స్థితి వచ్చింది. యిర్మీయా 34 ఇంకా చేదు. బాబిలోను సేన యెరూషలేమును చుట్టుముట్టగానే సిద్కియా రాజు, అధిపతులు భయపడి హెబ్రీ దాసులందరినీ విడిపించారు. శత్రువు కాస్త వెనక్కి తగ్గాడు. వెంటనే వదిలేసినవాళ్లనే మళ్లీ పట్టుకొచ్చి దాసుల్ని చేసుకున్నారు. వాళ్లని ఆపే అధికారి లేడు, ప్రవక్త శాపం ఒక్కటే ఉంది.

నేను పదేపదే వెనక్కి వెళ్లి చదివే కథ నాబోతుది. యెజ్రెయేలులో అహాబు రాజు నగరు పక్కనే నాబోతు ద్రాక్షతోట. దాన్ని కూరతోట చేసుకుంటాను, ఇంతకంటే మంచి తోట ఇస్తాను, లేదా ధర కట్టి డబ్బిస్తాను అన్నాడు రాజు. మా పితరుల స్వాస్థ్యం, తరతరాల సొత్తు, ఇవ్వను అన్నాడు నాబోతు. రాజు ఏం చేశాడు? ఇంటికెళ్లి మంచం ఎక్కి మొహం తిప్పుకుని పడుకుని అన్నం మానేశాడు. ఈ దృశ్యం చూసి నవ్వుకునేవాళ్లున్నారు, నాకు మాత్రం ఇది ప్రపంచ రాజకీయ చరిత్రలో ఒక గొప్ప క్షణం. రథాలూ సైన్యమూ ఉన్న రాజు, ఒక మామూలు రైతు కాదన్నందుకు అలిగి పడుకున్నాడు, ఎందుకంటే లాక్కునే హక్కు తనకు లేదని ఆయనకి తెలుసు. అహాబు భార్య, సీదోను రాజు కూతురు యెజెబెలుకి ఇది అర్థం కాలేదు. ఇశ్రాయేలును ఏలుతున్నది నువ్వేనా అని అడిగింది.

తర్వాత ఆమె చేసిన పనిలో చట్టవిరుద్ధంగా కనపడేది వెతికి చూడండి. రాజు ముద్రతో ఊరి పెద్దలకి ఉత్తరాలు వెళ్లాయి. ఉపవాసం చాటించారు. సాక్షి ఒక్కడైతే చాలదు గనుక ఇద్దర్ని తెచ్చారు. దేవుణ్ణీ రాజునీ దూషించాడన్న నేరం శాస్త్రంలో ఉన్నదే. ఊరి బయటికి తీసుకెళ్లి రాళ్లతో కొట్టడమూ శాస్త్రోక్తమే. ప్రతి గడీ నింపారు, ప్రతి సంతకమూ పడింది. నాబోతుని చంపినవాళ్లు రాజభటులు కారు. ఆయన ఊరి పెద్దలు, బోయజు కూర్చోబెట్టిన లాంటి పెద్దలే, ఆయనతో కలిసి గవిని దగ్గర కూర్చున్నవాళ్లే. పై నుంచి ఉత్తరం రాగానే స్వపరిపాలన మొత్తం ఒంగిపోయింది. ఊళ్లో జరిగిన అన్యాయాన్ని వినడానికి ఊరి బయట ఒక గడప లేదు. ప్రవక్త ఏలీయా వచ్చి, చంపి స్వాధీనం చేసుకున్నావా అని రాజుని నిలదీశాడు. చాలా గొప్ప మాట. అప్పటికి నాబోతు లేడు.

గ్రామస్వరాజ్యమే అన్నిటికీ మందు అనేవాళ్లు ఈ కథకి జవాబు చెప్పాలి. స్థానికంగా ఉన్నంత మాత్రాన అధికారం మంచిదైపోదు. స్థానిక పెద్దకి రాజు ఉత్తరం అందితే కాదనగల ధైర్యం ఎక్కడి నుంచి రావాలి?

మన ఏజెన్సీ ప్రాంతాల్లో లేవీయకాండానికి దగ్గరగా వచ్చే చట్టం ఒకటుంది, 1/70 అని పిలుచుకుంటాం. గిరిజన ప్రాంతంలో భూమి గిరిజనేతరులకి బదిలీ కాకూడదని 1959 నిబంధనలకి 1970లో చేసిన సవరణ. దానికీ బినామీలు పుట్టారు, దొంగ సాక్షులు పుట్టారు, ఆ కథలు వేరే చెప్పక్కర్లేదు. కానీ విశాఖ మన్యంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళితే, 1997లో కోర్టు ఒక మాట తేల్చింది: ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ప్రభుత్వ భూమిని కూడా అక్కడ ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడానికి వీల్లేదు. నాబోతుకి లేని గడప ఇది. ఏలీయా శపించగలిగాడు గానీ లీజు రద్దు చేయలేడు.

మరి ఆ గడప దగ్గర కూర్చునేవాడి మాట చివరిదని ఎవరన్నారు? ఈ ప్రశ్నతో యూదులు మన కంటే ముందే కుస్తీ పట్టారు. క్రీ.శ. 70లో ఆలయం కూలాక రాజూ లేడు, యాజకుడూ లేడు, పండితుల సభ మిగిలింది. ఆ పండితుల ధర్మచర్చల సంకలనమైన తాల్మూదులో ఒక పొయ్యి శుద్ధమా అశుద్ధమా అన్న వాదం ఉంది. రబ్బీ ఎలియెజెరు ఒక్కడు ఒకవైపు, సభంతా ఇంకోవైపు. నా మాట నిజమైతే ఈ చెట్టు కదలాలి అన్నాడు, కదిలింది. నీళ్లు వెనక్కి పారాయి, గోడలు ఒరిగాయి. చివరికి ఆకాశం నుంచి దేవుడి స్వరమే ఎలియెజెరుది సరైన మాట అంది. అప్పుడు రబ్బీ యెహోషువ లేచి, ధర్మశాస్త్రం ఆకాశంలో లేదు అన్నాడు. అంటే మాకు ఇచ్చేశావు, ఇక అధిక సంఖ్యాకుల మాటే చెల్లుతుంది అని తర్వాతి రబ్బీ ఒకరు దానికి అర్థం చెప్పారు. నా పిల్లలు నన్ను ఓడించారని దేవుడు నవ్వాడట. దైవపాలన కావాలనే మా యువకులకి ఈ కథ చెబితే నమ్మరు. ఓడిపోయిన ఎలియెజెరుని సభ వెలివేసిందన్నది కథలో తర్వాతి భాగం, మెజారిటీకి కూడా కోరలుంటాయి మరి.

ఆ మెజారిటీ ఎంత సన్నగా ఉంటుందో చూడండి. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని చెరపలేదని సుప్రీంకోర్టు చెప్పింది. పదమూడు మందిలో ఏడుగురు అటు, ఆరుగురు ఇటు. ఎన్నికైన రాజు కూడా ముట్టుకోలేని చట్టం ఒకటుందన్న పాత ఊహకి మన దేశంలో దొరికిన రూపం ఇదే. అది దొరికింది కేరళలో ఒక మఠాధిపతి భూసంస్కరణల మీద వేసిన కేసులో! భూమిని తిరిగి పంచమన్న లేవీయకాండం ఆ రోజు కోర్టులో ఉంటే ఏ పక్షాన కూర్చునేదో నాకు తేలదు. 2024 జనవరి 1న నేటి ఇజ్రాయెల్‌లో, న్యాయస్థానం అధికారాన్ని కుదించే సవరణని అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. పదిహేను మందిలో ఎనిమిది మంది అటు, ఏడుగురు ఇటు. లిఖిత రాజ్యాంగం లేని దేశం అది, మౌలిక చట్టాలతోనే నెట్టుకొస్తోంది. రెండు చోట్లా ఒక్క న్యాయమూర్తి మనసు మారితే కథ మారేది.

అందుకే రెండు దేశాల్లోనూ కొట్లాట చట్టం మీద నుంచి జడ్జీల నియామకం మీదకి మళ్లింది. ఇక్కడ నియామకాల కమిషన్ చట్టాన్ని 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు నాలుగు ఒకటి తేడాతో కొట్టేసి, జడ్జీలని జడ్జీలే ఎంచుకునే కొలీజియం పద్ధతి నిలుపుకుంది. అక్కడ 2025 మార్చిలో పార్లమెంటు ఎంపిక కమిటీలో రాజకీయ నాయకుల పట్టు పెంచుతూ చట్టం చేసింది. ఇక్కడి పద్ధతిలో సమూయేలు కొడుకుల్ని పెట్టిన బెయేర్షెబా వాసన ఉంది, అక్కడి పద్ధతిలో అహాబు ముద్ర వాసన ఉంది. రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే నేను మన కొలీజియంనే పట్టుకుంటాను, ఉత్తరం రాసేవాడే పెద్దల్ని కూడా నియమిస్తే నాబోతుకి అసలు దిక్కుండదు గనుక. అలాగని తలుపులేసుకుని తమవాళ్లని తామే ఎంచుకునే పద్ధతిని ఎల్లకాలం భరించమనడమూ న్యాయం కాదు. మీ ఊళ్లన్నిటిలో న్యాయాధిపతుల్ని నియమించుకోండి అన్న ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయపు ఆజ్ఞ రాజుతో అన్నది కాదు, ప్రవక్తతో అన్నదీ కాదు. అక్కడ నిలబడి వింటున్న జనంతో అన్నది. అది ఎలా జరగాలో ఆ పుస్తకం చెప్పలేదు, మన రాజ్యాంగమూ జనానికి ఆ దారి తెరవలేదు.